ఆయన తినలేనిది నేను తింటే తప్పా?

రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఆమెకు 58 ఏళ్ళు, భర్తకు 64. ఆయన ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. కూతురు పెళ్ళయి బెంగళూరులో ఉంటోంది. ఇంట్లో ఉండేది వీళ్ళిద్దరే.

"మా వారికి తిండంటే ఇష్టం. తిండిపోతు కాదు, రుచి తెలిసిన మనిషి" అని మొదలుపెట్టారామె. ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద ఇద్దరూ టిఫిన్ హోటల్‌కి వెళ్ళేవాళ్ళు. ఆయనకి ఉప్మా పెసరట్టు, ఈమెకి ఇడ్లీ, చివర్లో కాఫీ. సాయంత్రాలు గోదావరి గట్టు మీద నడక, వేసవిలో అయితే వచ్చేటప్పుడు రోజ్ మిల్క్. తాపేశ్వరం మీదుగా వెళ్తే కాజాలు, ఆత్రేయపురం వైపు వెళ్తే పూతరేకులు కొనకుండా ఇంటికి వచ్చింది లేదు. జీతం చాలని రోజుల్లో కూడా ఆదివారం టిఫిన్ మాత్రం మానలేదట. "మాకు సినిమాలూ షికార్లూ పెద్దగా లేవు. మా సరదా అంతా అదే" అని రాశారు.

ఆయనకు 12 ఏళ్ళుగా షుగర్ ఉంది. రెండేళ్ళ కిందట గుండెకు స్టెంట్ వేశారు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజే ఆమె దేవుడి దగ్గర అనుకున్నారు, ఆయన తిననిది ఇక తనూ ముట్టనని. అప్పటి నుంచి ఇంట్లో బెల్లం లేదు, నెయ్యి లేదు, ఆవకాయ లేదు. ఆదివారం టిఫినూ పోయింది. ఆయన మెల్లగా పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ రావడం కూడా మానేశారు. "నలుగురూ తింటుంటే నేను చూస్తూ కూర్చోవడం దేనికి" అంటారట.

ఆరేడు నెలల కిందట ఒక శుక్రవారం గుడి నుంచి వస్తూ ఆమె ఒంటరిగా ఆ పాత హోటల్లోకి వెళ్ళారు. ఒక పెసరట్టు తిని, కాఫీ తాగి వచ్చారు. తర్వాత ప్రతి శుక్రవారం అదే అలవాటైంది. గుడిలో ఆలస్యమైందని ఇంట్లో చెప్పేవారు. పోయిన నెల పక్కింటాయన మాటల మధ్యలో "మీ ఆవిడగారు హోటల్లో కనిపించారండీ" అన్నాడు. భర్త కోప్పడలేదు. రాత్రి భోజనం దగ్గర "పెసరట్టు బావుందా?" అని మాత్రం అడిగారు. ఆమెకు నోట మాట రాలేదు. ఆ సంగతి మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు. విషయం తెలిసిన కూతురు ఫోన్‌లో "నాన్న నోరు కట్టుకుని కూర్చుంటే నీకు ఆ మాత్రం ఆగలేదా అమ్మా" అంది. అప్పటి నుంచి ఆమె హోటల్‌కే కాదు, గుడికి వెళ్ళడం కూడా మానేశారు.

"నేను చేసింది తప్పా? నా మొక్కు చెల్లలేదు కాబట్టి మళ్ళీ పూర్తిగా మానేయనా? వచ్చే నెల మా ఆడపడుచు కొడుకు పెళ్ళి. ఆయన రానంటున్నారు. నేనొక్కదాన్నే వెళ్ళి ఆ భోజనం ఎలా తినను?" అని అడుగుతున్నారు.

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మీరు పెసరట్టు తినడం తప్పు కాదు. ఆయన జబ్బుకు మీరు తిన్న పెసరట్టు వల్ల ఒక్క గ్రాము కూడా నష్టం జరగలేదు. రెండేళ్ళుగా ఉప్పు తగ్గించి, నూనె తగ్గించి, ఆయన మాత్రల వేళకు అన్నం పెట్టి, పొద్దున్నా సాయంత్రం షుగర్ చూసి చీటీలో రాసి పెట్టింది మీరే. జీవితమంతా నలుగురికి వండి పెట్టిన మనిషికి, వేరొకరు వేడివేడిగా వేసిన అట్టు తెచ్చి ముందు పెట్టడం ఎంత హాయో నాకు తెలుసు. ఆ పావుగంట మీరు ఎవరి మాత్రలూ గుర్తు పెట్టుకోనక్కర్లేదు, పొయ్యి దగ్గర నిలబడనక్కర్లేదు. దాన్ని కక్కుర్తి అని మీరే మీ ఉత్తరంలో రాసుకున్నారు. ఆ మాట వెనక్కి తీసుకోమని అడుగుతున్నాను.

మిమ్మల్ని నిజంగా బాధపెడుతున్నది తినడం కాదు, గుడిలో ఆలస్యమైందని చెప్పడం. ఈ రెంటినీ మీరు ఒకే ముడిగా వేసేసుకున్నారు. అందుకే తప్పు దిద్దుకోవాలంటే హోటల్ మానేయాలని మీకు అనిపిస్తోంది. నిజానికి దిద్దుకోవాల్సింది దాపరికం ఒక్కటే. దానికి ఆయనతో పది నిమిషాలు కూర్చుని మాట్లాడితే చాలు.

ఇక ఆయన అడిగిన ప్రశ్న. మీరు దాన్ని దెప్పిపొడుపు అనుకున్నారు. కావచ్చు. ఆ గొంతు విన్నది మీరు, నేను కాదు. కానీ మీ ఉత్తరంలో మీరే గీసిన మనిషిని చూస్తే నాకు ఇంకో అర్థం కూడా తోస్తోంది. రుచి తెలిసిన మనిషి, ఇరవై ముప్ఫై ఏళ్ళు ఒకే హోటల్లో ఒకే బల్ల దగ్గర కూర్చున్న మనిషి, రెండేళ్ళుగా అటువైపు వెళ్ళని మనిషి అడిగిన ప్రశ్న అది. పెసరట్టు ఇంకా అలాగే పల్చగా, కరకరలాడుతూ వేస్తున్నారా, అల్లం పచ్చడి ఇంకా అంత ఘాటుగానే ఉందా అని ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉండొచ్చు. తనకు చెప్పకుండా వెళ్ళారన్న నొప్పి, తనను వదిలేసి వెళ్ళారన్న నొప్పి కూడా అందులో ఉండొచ్చు. ఏది ఎంత అన్నది ఆయన్ని అడిగితేనే తెలుస్తుంది. ఊహించుకుని ఒక నెల బాధపడ్డారు, ఇక చాలు.

మొక్కు గురించి కొంచెం నిదానంగా మాట్లాడుకుందాం, అసలు చిక్కు అక్కడే ఉంది. మీరు ప్రేమతోనే అనుకున్నారు, భయంతో కూడా అనుకున్నారు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఆ మాట ఆయన మిమ్మల్ని అడగలేదు. ఆయనకు మీరు చెప్పారో లేదో కూడా ఉత్తరంలో లేదు. ఆయన వైపు నుంచి ఒక్కసారి చూడండి. తనకు జబ్బు చేసింది. దానితో పాటు భార్య తిండీ పోయింది, ఇంట్లో నెయ్యి వాసన పోయింది, ఆదివారం పోయింది. వీటన్నిటికీ కారణం తనే అని ఆయన ప్రతి పూటా పళ్ళెం ముందు కూర్చుని అనుకుంటూ ఉండొచ్చు. మీరు ఆయనకు తోడుగా ఉండాలనుకున్నారు, కానీ ఇల్లు ఆసుపత్రి వార్డులా అయిపోయింది, ఇద్దరూ రోగులే అయ్యారు.

ఆదివారం టిఫిన్ అంటే పెసరట్టు ఒక్కటే కాదు. పొద్దున్నే తలకు పోసుకుని స్కూటర్ ఎక్కడం, హోటల్లో తెలిసినవాళ్ళు పలకరించడం, పేపర్లో ఉన్న రాజకీయం మీద ఆయన నాలుగు మాటలు అనడం, మీరు నవ్వడం. ఇందులో డాక్టరు వద్దన్నది ఏదీ లేదు. తిండిని ఆపే తొందరలో మీరిద్దరూ బయటికి వెళ్ళడాన్నే ఆపేశారు. తినకూడనిది ఒక పిడికెడు ఉంటే, దాని చుట్టూ ఉన్న సంతోషమంతా దానితో పాటు పోయింది. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

అసలు ఆయన ఏమేమి తినకూడదో డాక్టరు చెప్పింది ఎంత, భయంతో మీరు కలిపింది ఎంత? డిశ్చార్జి కాగితం ఒకసారి తీసి చూడండి. సాధారణంగా షుగర్ ఉండి గుండెకు స్టెంట్ పడినవాళ్ళకు చెప్పేది ఏమిటంటే: పంచదార, బెల్లం బాగా తగ్గించాలి, అన్నం కొలతగా తినాలి, వేపుళ్ళూ వెన్నా నెయ్యీ తగ్గించాలి, ఉప్పు తగ్గించాలి, నడవాలి. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే సుమారు ఒక చిన్న చెంచా, అని ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు మనుషులకే చెబుతుంది. పచ్చళ్ళు తగ్గించమనేది అందుకే. కానీ బయట ఎక్కడా కూర్చోవద్దని, నోటికి రుచిగా ఏదీ తగలకూడదని ఏ డాక్టరూ చెప్పి ఉండరు.

ఆయన ఇష్టాలను ఒక్కొక్కటిగా తీసుకుందాం. పెసరట్టు పెసలతో చేసేది. పప్పుధాన్యం కాబట్టి ఇడ్లీ, రవ్వ ఉప్మా కంటే షుగర్‌ని నిదానంగా పెంచుతుంది. లోపల పెట్టే ఉప్మా, పైన పోసే నూనె, పక్కన పెట్టే అల్లం పచ్చడిలో బెల్లం, ఇవే ఆయనకు ఇబ్బంది. ఉప్మా లేకుండా, నూనె తక్కువ వేసి ఒక పెసరట్టు వేయమంటే ఏ హోటల్లోనైనా వేస్తారు. అల్లం పచ్చడి నాలిక్కి తగిలేంత చాలు. కాఫీలో పంచదార వద్దని ముందే చెప్పాలి, చాలా చోట్ల కలిపే తెస్తారు. తిన్నాక కూర్చోకుండా పది పదిహేను నిమిషాలు నడిస్తే తిన్న తర్వాత పెరిగే షుగర్ కొంత అదుపులో ఉంటుంది. మీ ఊళ్ళో గోదావరి గట్టు ఉంది కదా, నడవడానికి అంతకంటే ఏం కావాలి!

పూతరేకు విషయం వేరు. ఆత్రేయపురం పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు గోదావరి వాళ్ళందరం మురిసిపోయాం. బోర్లించిన కుండ మీద తీసే ఆ పల్చటి బియ్యప్పిండి రేకుతో పెద్ద చిక్కు లేదు, మధ్యలో చల్లే పంచదార పొడో బెల్లమో, నెయ్యి, అవీ చిక్కు. పండక్కి ఒక చిన్న ముక్క ఇవ్వొచ్చా అని డాక్టరుని అడగండి. కొందరు సరే అంటారు, కొందరు వద్దంటారు, ఆయన మూడు నెలల సగటు షుగర్, అదే హెచ్‌బీఏ1సీ, ఎంత ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. కాజా, రోజ్ మిల్క్ మాత్రం నేను ఏ విధంగానూ సమర్థించలేను. మైదా, నూనె, పాకం కలిసినది ఒకటి, రంగు పాకం కలిపిన పాలు ఇంకొకటి. వాటిని ఆయన వదులుకోవాల్సిందే, ఆ దిగులు ఆయనకు ఉంటుంది, దాన్ని ఉండనివ్వండి. పంచదార లేని స్వీట్లని అమ్మేవాటితో ఆ లోటు తీర్చాలని చూడకండి. వాటిలో పిండీ నెయ్యీ అలాగే ఉంటాయి.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. మన ఇళ్ళలో "ఇవాళ స్వీటు తిన్నాను, ఇంకో మాత్ర వేసుకుంటే సరి" అనేవాళ్ళున్నారు. అది ఎప్పుడూ చేయనివ్వకండి. అలాగే బయట తినబోతున్నాం కదా అని మాత్ర వేసుకుని పూట ఎగ్గొట్టడం కూడా ప్రమాదమే. షుగర్ ఒక్కసారిగా పడిపోయి కళ్ళు తిరగొచ్చు. హోటల్లో ఆలస్యమవుతుందని అనిపిస్తే మాత్ర వేళ ఎలా మార్చాలో డాక్టరునే ముందుగా అడిగి ఉంచుకోండి. ఇంకొక మాట, మీకూ 58 వచ్చాయి. ఆయన పరీక్షలకు వెళ్ళినప్పుడు మీ షుగరూ బీపీ కూడా చూపించుకోండి. ఉత్తరం మొత్తంలో మీ ఆరోగ్యం గురించి ఒక్క వాక్యం లేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. మొక్కునే పట్టుకుని అన్నీ మానేయడం ఒక దారి. మనస్ఫూర్తిగా చేయగలిగితే అదీ తప్పు కాదు, ఉపవాసాలు ఉండేవాళ్ళు లేరా? కానీ మీరు రాసినదాన్ని బట్టి అది మీకు మనస్ఫూర్తిగా లేదు. బలవంతంగా మానేసిన మనిషి నోట్లోంచి ఎప్పుడో ఒక చిన్న గొడవలో "నీ కోసం అన్నీ వదులుకున్నాను" అన్న మాట రాకమానదు. ఆ మాట ఆయన భరించలేరు, అన్నాక మీరూ భరించలేరు. దేవుడి దగ్గర అనుకున్నదాన్ని మార్చుకోవడం బెంగగా ఉంటే, దాని బదులు వేరొకటి మొక్కుకోండి. రోజూ ఆయనతో కలిసి నడుస్తానని అనుకోండి, అది ఆయన గుండెకు నిజంగా పనికొచ్చే మొక్కు.

రెండో దారి, శుక్రవారం పెసరట్టుని దాచకుండా కొనసాగించడం. "నేను శుక్రవారం గుడి నుంచి వస్తూ తినేసి వస్తాను, పది దాటుతుంది" అని చెప్పి వెళ్ళండి. మొదట ఒకటి రెండు వారాలు ఆయన ముభావంగా ఉండొచ్చు. ఆ ముభావానికి భయపడి మానేస్తే మళ్ళీ దాపరికమే మిగులుతుంది. భార్యాభర్తల్లో ఒకరికి తమదంటూ ఒక గంట ఉంటే ఇంకొకరి ప్రేమ తగ్గదు. ఆయనకూ అలాంటి గంట ఒకటి కావాలి. సాయంత్రం స్నేహితులతో పుష్కర్ ఘాట్ దగ్గర కూర్చోవడానికి ఇప్పుడు వెళ్తున్నారో లేదో మీరు రాయలేదు. వెళ్ళకపోతే పంపించండి.

మూడో దారి ఆదివారాన్ని మళ్ళీ మొదలుపెట్టడం. నాకు ఇది అన్నిటికంటే ఇష్టం, అన్నిటికంటే కష్టం కూడా ఇదే. హోటల్లో అడుగు పెట్టగానే ఆ వాసనకి ఆయన మనసు లాగుతుంది. పక్క బల్ల మీద నెయ్యి కారే ఉప్మా పెసరట్టు కనిపిస్తుంది. ఒకసారి మాట తప్పి తినేస్తారు కూడా. అప్పుడు మీరేం చేస్తారన్నది ఇప్పుడే నిర్ణయించుకోవాలి. ఆయన పళ్ళెం మీద కాపలా కాస్తే ఆ ఆదివారం ఇద్దరికీ నరకం. వెళ్ళేముందు ఇంట్లోనే ఏం తినాలో ఆయన చేతే చెప్పించండి, అక్కడికి వెళ్ళాక ఒక్క మాటా అనకండి. తేడా వస్తే సాయంత్రం షుగర్ పరీక్షే చెబుతుంది, మీరు చెప్పనక్కర్లేదు. రెండు మూడు నెలలు చూసి, పరీక్షల్లో అంకెలు పెరుగుతుంటే ఆదివారం టిఫిన్‌ని నెలకు ఒకసారికి తగ్గించి, మిగతా ఆదివారాలు కడియం నర్సరీల వైపో ధవళేశ్వరం బ్యారేజీ వైపో వెళ్ళొచ్చు. ఈ రెండో దారీ మూడో దారీ కలిపి కూడా నడవొచ్చు, ఒకటి ఎంచుకుంటే ఇంకొకటి పోదు.

ఇంట్లో కూడా కాస్త సడలించండి. చారులో పోపు ఘుమఘుమలాడితే ఉప్పు తగ్గిన లోటు తెలియదు. కరివేపాకు, నిమ్మకాయ, మిరియాలు, అల్లం, కొత్తిమీర వీటికి ఏ ఆంక్షా లేదు. వేసవిలో ముంజలు, చలికాలంలో కాల్చిన తేగలు, వీటిలో ఎన్ని తినొచ్చో డాక్టరుని అడిగి లెక్కగా తెచ్చుకోండి. ఏ కాలంలో ఏది వస్తుందో ఎదురుచూడడమే సగం సరదా అని రుచి తెలిసిన మీవారికి నేను చెప్పాల్సిన పని లేదు.

మీరు ఒక వాక్యంలో రాసి వదిలేసిన సంగతి ఒకటి నన్ను ఆలోచనలో పడేసింది. ఆయన పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశారన్నారు, మాట తగ్గిందన్నారు. గుండెకు చికిత్స జరిగాక మనసు కుంగడం చాలామందిలో కనిపిస్తుంది, దానికీ వైద్యం ఉంది. నిద్ర సరిగా లేకపోవడం, పేపరు తిరగేయకపోవడం, మనవల ఫోన్ వచ్చినా ఉత్సాహం లేకపోవడం లాంటివి ఉంటే తిండి మీద బెంగే అనుకుని సరిపెట్టుకోకండి. వచ్చేసారి డాక్టరు దగ్గర ఆయన ఎదురుగానే, దాచకుండా ఆ మాట చెప్పండి.

మీ అమ్మాయి మీద కోపం తెచ్చుకోవద్దు. దూరంగా ఉన్న పిల్లలకు తండ్రి గురించిన భయం ఎక్కువ, చేయగలిగింది తక్కువ. ఆ భయమే మీ మీద మాటగా వచ్చి పడింది. అయినా ఆ మాట మిమ్మల్ని గాయపరిచిందని ఆమెకు తెలియాలి. "నాన్నని నేను చూసుకుంటున్నాను, నన్ను కూడా నువ్వు కొంచెం చూసుకోవాలి" అని అనండి. చెబితే ఒకరోజు నొచ్చుకుంటుంది. చెప్పకపోతే మీరు ఆమెతో మాట్లాడటమే తగ్గిస్తారు, ఇప్పటికే తగ్గించారని అనుమానం. పక్కింటాయన్ని పట్టించుకోకండి.

ఆయనతో ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదంటారేమో. ఆయన నెల కిందట ఒక ప్రశ్న అడిగారు, దానికి ఇంకా జవాబు ఇవ్వాల్సి ఉంది. బాగుందనో, మునుపటిలా లేదనో, నిజం చెప్పండి. గుడి పేరు చెప్పినందుకు తప్పయిందని కూడా అప్పుడే చెప్పేయండి. తిన్నందుకు మాత్రం క్షమాపణ చెప్పకండి. చెప్పారంటే మళ్ళీ తినలేరు.

పెళ్ళి మాటకొస్తే, అది ఆయన చెల్లెలి కొడుకు పెళ్ళి. రాకపోతే ఆవిడ ఎంత చిన్నబుచ్చుకుంటుందో ఆయనకు మీకంటే బాగా తెలుసు. బతిమాలొద్దు, వదిలేయనూ వద్దు. ముహూర్తానికి వెళ్ళి అక్షింతలు వేసి భోజనాల వేళకు వచ్చేయడం ఒక పద్ధతి, అలా వస్తే ఎవరూ తప్పు పట్టరు. ఇంటి దగ్గర కొంచెం తిని వెళ్ళి, మీ పక్కనే కూర్చుని పప్పు, కూర, మజ్జిగతో కాస్త అన్నం తినడం ఇంకో పద్ధతి. అలా కూర్చుంటే వడ్డించేవాళ్ళూ చుట్టాలూ "ఒక్క లడ్డుకేమవుతుంది" అని బలవంతం చేస్తారు. వాళ్ళకు వద్దని చెప్పే పని ఆయనదా మీదా అన్నది ముందే అనుకోండి. రెండూ ఆయన ముందు పెట్టండి. ఏదీ వద్దంటే మీరు ఒక్కరే వెళ్ళి, కడుపు నిండా భోజనం చేసి, ఆడపడుచుతో నాలుగు మాటలు మాట్లాడి రండి.